ఏడో ట్యాంకు చక్రం

మా బావమరిది గైత్ చాలా మంచివాడు. ఈ మాట మా హూన్ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. మా ఆవిడ మబ్రూకా అయితే నా ముందు బార్లీ పిండితో చేసిన బజీన్ ముద్ద పెట్టి, దాని మీద మాంసం పులుసు పోసిన ప్రతిసారీ తమ్ముడి గొప్ప కూడా కాస్త పోస్తుంది. ఇంట్లో తిండి రుచి తెలిసి నాకు నాలుగేళ్ళయింది.

నాలుగేళ్ళ కిందటే వాడు మా డిపోలో చేరాడు. చేర్పించింది నేనే, అదీ నా ఖర్మ. ఊరికి చాలా దూరంగా ఇసుకలో, ముళ్ళకంచె వెనక, పదకొండు ఇనప ట్యాంకులు. పాత ప్రభుత్వం విషవాయువు చెయ్యడానికి దాచిపెట్టిన ద్రవం వాటిలో ఉండేది. తయారైపోయిన విషాన్ని అంతకుముందే విదేశాల వాళ్ళు పొయ్యి పంపిస్తే ఇక్కడే కాల్చేశాం. ఈ పదకొండూ మిగిలాయి. ఇరవై రెండేళ్ళు వాటి పక్కనే బతికాను. ఏది ఎక్కడ చెమర్చుతుందో, ఏ మూత ఎండకు ఉబ్బుతుందో చీకట్లో తడిమి చెప్పగలను. ఇదంతా నా బుర్రలోనే ఉంది. కాగితం మీద ఒక్క ముక్క లేదు. నేనుండగా కాగితమెందుకనుకునేవాణ్ణి.

గైత్ ల్యాప్‌టాప్‌తో దిగాడు. ఇంగ్లీషుతో దిగాడు. వచ్చిన వారానికే ట్యాంకులకు నంబర్లు రాయించాడు. అంతవరకూ నేను వాటిని కుంటిది, ఏడుపుగొట్టుది, ముసలిది అని పిలిచేవాణ్ణి. మా చీఫ్ ఫర్జానీ సారు ఆ నంబర్లు చూసి, "ఇన్నాళ్ళకి మన డిపో డిపోలా ఉంది" అన్నాడు. మరి అంతకుముందు అన్నేళ్ళూ ఎలా ఉండిందో ఆయన్నే అడగాలి.

ఈ వేసవిలో ఉత్తరాన తీరం మీద తుపాకులు పట్టిన నల్లజెండాల వాళ్ళు ఉన్నారు. మా ట్యాంకుల దాకా వస్తే ఏం జరుగుతుందోనని ప్రపంచానికి ఒక్కసారిగా భయం పట్టుకుంది. ఒక దేశం కొత్త ట్యాంకులు పంపింది. ఒకటి సూట్లూ మాస్కులూ పంపింది. ఒకటి ఓడ ఇస్తానంది, ఇంకొకటి తన గడ్డ మీద కాల్చి పెడతానంది. మనిషిని పంపుతానన్న దేశం మాత్రం ఒక్కటీ లేదు. వాళ్ళకు బదులు సీలు వేసిన కెమెరాలు వచ్చాయి. మేం పని చేస్తుంటే అవి తీస్తూ ఉండాలి, ఆ బొమ్మలు నెదర్లాండ్స్‌లో కూర్చున్న ఆనెలీస్ అనే ఆవిడ చూసి సరే అనాలి.

ఓడలో మా దేశం తరఫున ఒక్క మనిషికి చోటిచ్చారు. ఆ మనిషి సరుకుతో పాటు వెళ్ళి, చివరి బొట్టు కాలేదాకా పక్కన నిలబడి చూసి, సాక్షి సంతకం పెట్టి రావాలి.

ఆ చోటు నాకు కావాలి. జీవితంలో ఇంతగా దేన్నీ కోరుకోలేదు. ఇరవై రెండేళ్ళు మంచం కింద పడుకున్న పాము అది. చచ్చిందో లేదో నా కళ్ళతో నేను చూసుకోవాలి.

ఫర్జానీ సారు గైత్ పేరు రాశాడు.

"వాడికి భాష వచ్చు సాల్హీన్," అన్నాడు నాతో.

"కాలుతున్నదాన్ని చూడ్డానికి భాషెందుకు సార్? కళ్ళు చాలవా?"

"సంతకం పెట్టే ముందు కాగితం చదవాలి కదయ్యా," అన్నాడు. 

ఇంటికెళితే మబ్రూకా అప్పటికే వీధంతా చెప్పేసింది. "మా తమ్ముడు ఓడెక్కుతున్నాడండీ" అని నాకే చెప్పింది, నాకు తెలియనట్టు. ఆ రాత్రి నేను ఖర్జూరాలు తిని పడుకున్నాను.

తర్వాత గడ్డం గొడవ వచ్చింది. హజ్ నుంచి వచ్చినప్పటి నుంచీ నాకు గడ్డం ఉంది. ఎనిమిదేళ్ళ గడ్డం, ఛాతీ దాకా. గైత్ అందరి ముందూ నిలబడి విదేశాల వాళ్ళ నియమాలు చదివాడు. గడ్డం ఉన్నవాళ్ళు ఇసుకలో గీసిన గీత దాటి ట్యాంకుల దగ్గరికి రాకూడదట. వెంట్రుకల మధ్య సందుల్లోంచి మాస్కులోకి గాలి దూరుతుందట. కుర్రాళ్ళు అప్పుడే కుళాయి దగ్గర వరసగా అద్దాలు పెట్టుకుని గీక్కున్నారు. వాళ్ళ గడ్డాలకు వయసెంత, నా గడ్డానికి వయసెంత?

"మా రోజుల్లో గడ్డానికి వాజలైన్ పట్టించేవాళ్ళం," అన్నాను. "ఈగ కూడా దూరేది కాదు."

"బావా, ఆ రోజుల్లో మాస్కులు పనిచేశాయో లేదో చూసినవాళ్ళెవరు?" అన్నాడు గైత్.

"నేను బతికే ఉన్నాను కదరా."

"సరే, పరీక్ష చేద్దాం."

డబ్బాలో సగం వాజలైన్ పట్టించి మాస్కు తగిలించుకున్నాను. వాడు నా చుట్టూ ఒక దూది పుల్ల తిప్పుతూ నిలబడ్డాడు. ఏం చేస్తున్నాడో నాకు తెలీదు, వాళ్ళ శిక్షణకి నేను వెళ్ళలేదు. కాసేపయ్యాక, "ఎలా ఉంది సాల్హీన్?" అని ఫర్జానీ సారు అరిచాడు.

"బ్రహ్మాండం సార్," అన్నాను లోపల్నుంచి. "ఇంతకీ ఆ అరటిపండు ఒలుస్తున్నది ఎవరు?"

మనుషులు ఇసుకలో పడి దొర్లారు. ఆ దూదికి అరటిపండు వాసన నూనె పూస్తారట, వాసన తగిలితే మాస్కు కారుతున్నట్టట. గైత్ ఒక్కడే నవ్వలేదు. నవ్వితే బావుండేది, తిరిగి ఒక మాట అనేవాణ్ణి. "పోనీలే బావా, గడ్డం మళ్ళీ పెరుగుతుంది కదా" అన్నాడు మెల్లగా. వాడి ఆ మంచితనమే నాకు కారం రాసినట్టు ఉంటుంది.

నేను తియ్యలేదు. దాంతో నన్ను గీత అవతల, పందిరి కింద, టీ పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. ఇరవై రెండేళ్ళు పనిచేసిన మనిషిని, నురగ కోసం టీని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఎత్తి పోస్తూ కూర్చున్నాను. షిఫ్టు దిగినవాళ్ళు వచ్చి మొదటి గ్లాసు, రెండో గ్లాసు, వేరుశనగలు వేసిన మూడో గ్లాసు తాగి, "చెయ్యి తిరిగింది అరటి హాజీ" అని పోయేవాళ్ళు.

పదిరోజుల్లో పది ట్యాంకులు కొత్తవాటిలోకి ఖాళీ చేశారు. రోజూ తెల్లారగానే మొదలుపెట్టి ఎండ ముదిరే లోపు ఆపేసేవాళ్ళు. సూట్లలో అందరూ ఒకేలా ఉంటారు గనక ఛాతీ మీద టేపు అంటించి పేరు రాసుకునేవాళ్ళు. మధ్యాహ్నం తెర మీద ఆనెలీస్ కనబడి, "వెల్ డన్ మిస్టర్ గైత్" అనేది. నాకొచ్చిన ఇంగ్లీషంతా ఆ పదిరోజుల్లో వచ్చిందే.

చివరికి ఏడు నంబరు మిగిలింది. నేను ముసలిది అని పిలిచేది.

దాని సంగతి ఒకటి చెప్పాలి. ఆంక్షల కాలంలో ముసలిదాని వాల్వు విరిగిపోయింది. విడిభాగం ఏ దేశమూ అమ్మదు. వారం రోజులు తిరిగి, ఒక పాత పొలం నీటి పంపు నుంచి వాల్వు పీకి తెచ్చి నేనే బిగించాను. పనిచేసింది. కాకపోతే అది తిరగబడిన రకం. లోకంలో ఏ చక్రమైనా కుడికి తిప్పితే మూసుకుంటుంది, ఇది ఎడమకి తిప్పితే మూసుకుంటుంది. తొమ్మిదిన్నర చుట్లు. అప్పుడు నాతో పనిచేసినవాళ్ళలో ఇద్దరు చచ్చిపోయారు, ఒకడు ఊరొదిలి పోయాడు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ పొద్దున సూటు వేసుకోవడానికి వెళ్తూ గైత్ నా పొయ్యి దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"బావా, ఇవాళ ఏడు నంబరు. దాన్నిండా నీ చేతిపనే అంటారు. నాకు తెలియాల్సిందేమైనా ఉందా?"

నేను టీ ఎత్తి పోస్తున్నాను. నురగ బాగా వస్తోంది.

"ఏముంది? మామూలు ట్యాంకే," అన్నాను.

అబద్ధం అంత తేలిగ్గా వచ్చేసింది. నేననుకున్నదేమిటంటే, మొదట్లో తెరవడానికే ఎడమకి తిప్పి తిప్పి అలిసిపోతాడు, కెమెరా ముందు వెర్రిముఖం వేస్తాడు, ఆనెలీస్ చూస్తుంది, చివరికి నా దగ్గరికి వచ్చి, "బావా, నువ్వే దిక్కు" అంటాడు. అంతే. అంతకుమించి నాకేమీ వద్దు. ఒక్కరోజు, ఒక్క పావుగంట, వాడు తెలివితక్కువవాడిలా కనబడాలి.

"సరే బావా," అని వాడు లేచి వెళ్ళాడు.

జరిగింది వేరు. ముసలిదాని వాల్వు ఎవరూ పూర్తిగా మూసి ఉంచలేదు, అది నాకూ తెలీదు. గొట్టం తగిలించి పంపు పెట్టగానే ద్రవం దానంతట అదే నడిచింది. గైత్ చక్రం ముట్టుకోలేదు. గంటన్నర బాగానే పోయింది. కొత్త ట్యాంకు నిండవచ్చాక, పంపు ఆపి చక్రం మూయబోయాడు. కుడికి తిప్పాడు.

పందిరి కింద నుంచి చూస్తున్నాను. కుడికి తిప్పిన కొద్దీ వాల్వు తెరుచుకుంటుంది. గొట్టం ఉబ్బింది. ముసలిది ఎత్తు మీద ఉంటుంది, పంపు ఆగినా ద్రవం కిందికే దూకుతుంది. గొట్టం అతుకు దగ్గర ఇసుక మీద ఒక నల్లటి మరక కనబడింది. వాడు ఇంకా గట్టిగా కుడికి తిప్పాడు. మరక పెద్దదైంది.

నా చేతిలోని టీ గిన్నె ఎటు పోయిందో తెలీదు.

నిప్పురవ్వ భయానికి లోపల ఫోన్లూ వాకీటాకీలూ ఉండవు. అరిస్తే మాస్కుల్లోకి వినబడదు. నేను గీత దాకా పరిగెత్తి, ఎడమకి, ఎడమకి అని చెయ్యి పెద్దగా ఊపాను. చెయ్యి ఊపితే అన్నీ వదిలి బయటికి రమ్మని వాళ్ళ సైగ. గైత్‌తో ఉన్న ఇద్దరూ వెంటనే బయటికి వచ్చేశారు. ఒకసారి గీత దాటిన సూటు కడిగితే గాని మళ్ళీ లోపలికి పోకూడదు, కడగడానికి పావుగంట పడుతుంది. గైత్ రాలేదు. మూయకుండా ఎలా వస్తాడు? మంచివాడు కదా. చక్రం మీద పడి బలమంతా పెట్టి కుడికే తిప్పుతున్నాడు.

"ఏమవుతోందయ్యా?" అని అరుస్తున్నాడు ఫర్జానీ సారు.

నేను కుళాయి దగ్గరికి పరిగెత్తాను. కుర్రాళ్ళ రేజర్లు అక్కడే ఉన్నాయి. ఎనిమిదేళ్ళ గడ్డాన్ని గుప్పిట పట్టి కత్తెరతో నరికాను, మిగిలింది చన్నీళ్ళతో గీకాను. రక్తం వచ్చింది. అద్దంలో ఉన్నది ఎవరో గుర్తుపట్టే తీరిక లేదు. కొక్కేనికి వేలాడుతున్న సూటు ఒక్కటే ఉంది, అందులో దూరి మాస్కు బిగించుకున్నాను. వాడికేమన్నా అయితే మబ్రూకా ముఖం ఎలా చూడాలి అన్నది ఒక్కటే బుర్రలో తిరుగుతోంది. వాడి పిల్లలిద్దరూ నన్ను మామా అని పిలుస్తారు.

వెళ్ళి చక్రం పట్టుకుని ఎడమకి లాగాను. వాడు కుడికి లాగాడు. నాకు పిచ్చెక్కిందనుకున్నాడేమో, మోచేత్తో నన్ను నెట్టాడు. ఒక విషపు ట్యాంకు ముందు బావా బావమరిదీ చక్రం కోసం కొట్టుకున్నాం. చివరికి భుజంతో ఒక్క తోపు తోశాను, వాడు ఇసుకలో కూలబడ్డాడు. నేను తిప్పాను. ఒకటి, రెండు, మూడు. తొమ్మిదిన్నర దగ్గర చక్రం ఆగింది. గొట్టం మెత్తబడింది.

వాడు ఇసుకలో కూర్చునే నా చేతుల వంక చూస్తున్నాడు. ఎటు, ఎన్ని చుట్లు తిప్పాలో ముందే తెలిసిన చేతులు అవి. మాస్కు అద్దం వెనక వాడి కళ్ళు నా ముఖం మీదికి వచ్చాయి, అక్కడే ఆగిపోయాయి.

ఎవరికీ ఏమీ కాలేదు. మరక పడ్డ ఇసుకను తవ్వి డబ్బాల్లో మూశారు. కడుగుడు షవర్ల దగ్గర గైత్ నాతో అన్నది ఒకటే మాట.

"గడ్డం తీశావా?"

మధ్యాహ్నం తెర ముందు అందరం కూర్చున్నాం. ఆనెలీస్ ఆ బొమ్మను రెండుసార్లు తిప్పి చూసింది, ఆవిడకేమీ అర్థం కాలేదు. "ఇద్దరు గైత్‌లు ఎందుకున్నారు?" అని అడిగిందట. నేను చూస్తే నిజమే. నేను వేసుకున్నది వాడి నిన్నటి సూటు, టేపు మీద వాడి పేరే ఉంది. నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క గొప్ప పని ప్రపంచం కెమెరాలో గైత్ పేరు మీద పడింది.

ఫర్జానీ సారు బల్ల మీద చెయ్యేశాడు. "ముందు నాకు చెప్పండి. ఈ చక్రం తిరగబడిందని ఇక్కడ ఎవరికీ తెలీదా?"



"బావకి తెలుసు సార్," అన్నాడు గైత్. "పొద్దున్నే నాకు చెప్పాడు. హడావుడిలో నేనే మర్చిపోయాను. తప్పు నాది."

అదే ఇంగ్లీషులో ఆవిడకీ చెప్పాడు. వాడు నా వంక చూడలేదు. ఆవిడ నా పేరు అడిగి తెలుసుకుని, "థాంక్యూ మిస్టర్ సాల్హీన్" అంది. పదకొండు రోజులుగా నేను వినాలనుకున్న మాట అది.

తప్పు చేసినవాడు సాక్షిగా వెళ్ళకూడదు. ఫర్జానీ సారు కాగితంలో గైత్ పేరు కొట్టేసి నా పేరు రాశాడు. "పొద్దున్నే వచ్చి సంతకం పెట్టు, మూడు రోజుల్లో బయల్దేరాలి" అన్నాడు. నిన్నటిదాకా చదవడం రానివాణ్ణి, ఇవాళ్టికి పనికొచ్చాను.

ఇంటికెళ్ళేసరికి మబ్రూకాకి వార్త అందింది. నున్నటి నా ముఖం ఓసారి చూసింది. బజీన్ పెట్టింది, పులుసు పోసింది.

"మా తమ్ముడు అంత పరాకు మనిషనుకోలేదండీ," అంది. "పోనీ, మీరున్నారు కాబట్టి సరిపోయింది. మీరు లేకపోతే వాడేమయ్యేవాడు?"

నాలుగేళ్ళుగా ఆవిడ నోట ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాను. ముద్ద పళ్ళెంలోనే వదిలి లేచాను. 

పొద్దున ఫర్జానీ సారు కాగితం నా ముందుకు తోసి, అందులో ఉన్నది చదివి వినిపించాడు. ఏడో ట్యాంకు చక్రం సంగతి సాల్హీన్ ముందే తెలియజేశాడు, గైత్ మర్చిపోయాడు. గైత్ ఓ మూల నిలబడి ల్యాప్‌టాప్‌లోకి చూస్తున్నాడు. ముఖం మామూలుగా ఉంది. ఒక్క మాటలో నన్ను ముంచెయ్యగలిగినవాడు, తన ఓడ నాకిచ్చి, తప్పు తన మీద వేసుకుని, అలా మామూలుగా నిలబడ్డాడు.

పెన్ను పట్టుకున్నాను. నాకు పశ్చాత్తాపం కలిగిందని రాస్తే బావుంటుంది. అబద్ధం ఎందుకు, కలిగింది అసూయే. భాష వాడిదే. నంబర్లు వాడివే. నా పెళ్ళాం పొగడ్తలు వాడివే. ఇప్పుడు ఈ పెద్దమనసు కూడా వాడిదేనా? నేనెంత దూరం ఓడ మీద పోయినా, ఆ పొయ్యి ముందు నిలబడి ఏ కాగితం మీద సంతకం పెట్టినా, వాడు ఇక్కడ కూర్చుని నాకంటే మంచివాడిగానే ఉంటాడు. అది నేను భరించలేను.

పెన్ను కింద పెట్టాను.

"ఇది తప్పు సార్," అన్నాను. "నేను చెప్పలేదు. వాడు వచ్చి అడిగాడు. మామూలు ట్యాంకే అని చెప్పాను."

 గైత్ ల్యాప్‌టాప్ ఠప్పుమని మూశాడు.  వాడికి కోపం రావడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

"నేనడిగాను బావా. నీ ముందు కూర్చుని మరీ అడిగాను."

"అడిగావు."

"నాకిద్దరు పిల్లలు."

"తెలుసు."

"నేనంతా కప్పేశాక మళ్ళీ నువ్వెందుకు బయటపెట్టావు?"

"నువ్వొక్కడివే మంచివాడివిగా ఉండాలా?" అన్నాను.

వాడు బయటికి వెళ్ళిపోయాడు. ఫర్జానీ సారు కాగితం చింపి ఇంకొకటి తీశాడు. అందులో సాక్షిగా మళ్ళీ గైత్ పేరు రాశాడు. నన్ను కొలువులోంచి తీసెయ్యలేదు, తీసెయ్యడానికి డిపోలో ట్యాంకులే మిగల్లేదు. "నీ బుర్రలో ఇంకా ఏమేం ఉందో కూర్చుని అంతా రాయించు," అన్నాడు.

 రెండు రోజులు మబ్రూకా బజీన్ పెట్టి, పులుసు నన్నే పోసుకోమన్నట్టు గిన్నె నా వైపు తోసేది.

మూడో రోజు లారీలు తీరానికి బయల్దేరాయి. ముందూ వెనకా తుపాకుల జీపులు. అందరం కంచె దగ్గర నిలబడ్డాం. చలికాలం కాకపోయినా నా గడ్డం చోట చల్లగా అనిపించింది. ముసలిదాని ద్రవం ఉన్న లారీలో, డ్రైవర్ పక్కన గైత్ కూర్చున్నాడు. కొత్త చొక్కా, కాళ్ళ దగ్గర అక్క కట్టిచ్చిన ఖర్జూరాల సంచి. నా దాకా వచ్చేసరికి తల తిప్పుకుంటాడనుకున్నాను.

తిప్పుకోలేదు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, లేని చక్రాన్ని పట్టుకుని, నా కళ్ళలోకి చూస్తూ మెల్లగా తిప్పాడు. ఎడమకి.

నా ఒళ్ళు మండిపోయింది. లారీ దుమ్ములో కలిసిపోయేదాకా అక్కడే నిలబడి లెక్కపెట్టాను. వాడు తొమ్మిదిన్నర చుట్లూ తిప్పాడు.